కొల్లేటి కుర్రకారు సంగతులు

కొల్లేట్లో ఒక చేపల చెరువు ఉండాలా, పోవాలా అనేది సముద్ర మట్టాన్ని బట్టి తేలుతుందని మీకు తెలుసా? సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తున్న నేలను కలుపుతూ పటం మీద ఒక గీత గీశారు. ఆ గీత లోపలున్నదంతా వన్యప్రాణుల అభయారణ్యం. ఇక్కడివాళ్లు దాన్ని ‘అయిదో కాంటూరు’ అంటారు. 1999 అక్టోబరులో జీవో నంబరు 120తో అది వచ్చింది. లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, ఎకరాల్లో చెబితే 76 వేల పైచిలుకు. లంక గ్రామాల్లో బడి మానేసిన కుర్రాణ్ని ఆపి అడిగినా కాంటూరు అంటే ఏమిటో తడుముకోకుండా చెబుతాడు. ఏ గట్టు అయిదు లోపలుంది, ఏది బయటుంది, మూడుకు తగ్గిస్తే ఎవరి చెరువు గట్టెక్కుతుంది, అన్నీ వాళ్లకు నోటికి వచ్చు. ఆ అంకె మీదే వాళ్ల ఇంటి బియ్యం, చెల్లెలి పెళ్లి ఆధారపడి ఉన్నాయి మరి.

మూడో కాంటూరుకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఆ తర్వాత కేంద్రం వేసిన అజీజ్ కమిటీ అయిదునే ఉంచమంది. ఇప్పటికీ అయిదే.

★

సరస్సు గర్భంలో 46 లంక గ్రామాలు, ఒడ్డు వెంబడి 76 గ్రామాలు, మొత్తం 122 ఊళ్లు కొల్లేటి మీద బతుకుతున్నాయని లెక్క. గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, పైడిచింతపాడు, శృంగవరప్పాడు, కోమటిలంక, మొండికోడు, ఆగడాలలంక... వీటిలో సగం పేర్లు ఏలూరు బస్టాండులో రోజూ వినిపిస్తాయి, మిగతా సగం వానాకాలంలో వార్తల్లో వినిపిస్తాయి. ఇక్కడ ఎక్కువమంది వడ్డీ కులస్థులు, తరతరాలుగా వేటే వృత్తి. వాళ్లతో పాటు దళిత కుటుంబాలు, ఇతర వెనుకబడిన కులాల వాళ్లూ ఉన్నారు. చుట్టూ నీళ్లే అయినా తాగే నీళ్లు మాత్రం డబ్బు పెట్టి డబ్బాల్లో కొనుక్కునే ఇళ్లు ఎన్నో.

★

ఈ ప్రాంతపు కుర్రాళ్ల ఆర్థిక పరిస్థితి అర్థం కావాలంటే రెండు సంవత్సరాలు గుర్తుంచుకుంటే చాలు: 1976, 2006.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం కొల్లేటి ఊళ్లలో సహకార సంఘాలు పెట్టించి, సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. నీళ్లు ఎప్పుడొస్తాయో, వరి ఎప్పుడు మునుగుతుందో తెలియని పేదలకు అది పెద్ద ఆసరా. అంతకుముందు తాటిదోనె మీద పోయి వెదురు మావులు వేసి, వల విసిరి ఏ పూటకాపూట పట్టుకున్న చేపే బతుకు. చెరువు వచ్చాక ఏడాదికి సరిపడా ఆదాయం చూడొచ్చన్న ఆశ కలిగింది.

కాని చెరువు చేతికి వచ్చినంత తేలిగ్గా పెట్టుబడి రాలేదు. పిల్ల కొనాలి, మేత కొనాలి, గట్టు వేయాలి, నీళ్లు తోడాలి. బ్యాంకు ఇవ్వదు, ఎందుకంటే భూమి సంఘానిది, మనిషిది కాదు. బయటి ఊళ్ల నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి చెరువులు లీజుకు తీసుకున్నారు. సంఘం లీజు సొమ్మును ఇంటింటికీ పంచింది. చేతికి డబ్బొచ్చింది కాబట్టి ఎవరూ కాదనలేదు. పదేళ్లు తిరిగేసరికి సంఘం చెరువుల పక్కనే ప్రైవేటు చెరువులు వేల ఎకరాల్లో వెలిశాయి, నీళ్లు పోయే దారులు మూసుకుపోయాయి. ఊరి చెరువు మీదే ఊరి కుర్రాడు రోజుకూలీ అయ్యాడు. నా దృష్టిలో కొల్లేటి కథ మొత్తం ఇక్కడుంది. తర్వాత జరిగినవన్నీ దీని కొనసాగింపే.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. పొక్లెయిన్లు దిగి అయిదో కాంటూరు లోపలి చెరువుల గట్లు తెంచేశాయి. సరస్సుకు ఊపిరి ఆడాలంటే ఆ గట్లు పోవాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. కాని పెద్ద చెరువు పోయిన షావుకారుకు వేరే చోట వేరే చెరువు ఉంది. గట్టు మీద కూలికి వెళ్లే కుర్రాడికి ఆ గట్టే ఉద్యోగం. చాలామంది సంచి సర్దుకుని విజయవాడ, హైదరాబాద్, చెన్నై వైపు కట్టడం పనులకు, హోటల్ పనులకు వెళ్లిపోయారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు ఇరవయ్యేళ్లు. వాళ్లు పుట్టినప్పటి నుంచి కోర్టు వాయిదాలు వింటూనే పెరిగారు. గట్లు మళ్లీ లేచాయి, కేసు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2025లో కేంద్ర సాధికార కమిటీ మళ్లీ వచ్చి చూసి వెళ్లింది.

★

చేపకు మేత వేయడం ఎలాగో తెలుసా? నీళ్లలో చల్లరు. ఎరువు సంచికి అడుగున వరసగా చిల్లులు పెట్టి, అందులో తవుడు, చెక్క కలిపి నింపి, చెరువులో పాతిన వెదురు గుంజకు గానీ అడ్డంగా కట్టిన నైలాను తాడుకు గానీ వేలాడదీస్తారు. చేపలు వచ్చి సంచిని పొడుచుకుంటూ చిల్లుల్లోంచి తింటాయి. మేత వృథా కాదు. ఎంత తిన్నదీ మర్నాడు సంచి చూస్తే తెలిసిపోతుంది. ఈ పద్ధతి మన ఆంధ్రా చేపల రైతులు కనిపెట్టుకున్నదే. శాస్త్రవేత్తలు తర్వాత వచ్చి రాసుకున్నారు.

కైకలూరు దగ్గర ఒక చెరువు గట్టు మీద ఆ పని దగ్గరుండి చూశాను. తెల్లవారుతుండగానే పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాడు పడవ నిండా మేత పోసుకుని బయల్దేరాడు. మొదటి గుంజ దగ్గర ఆగి, ఖాళీ సంచిని పైకి లాగి, లోపల చెయ్యి పెట్టి తడిమాడు. అడుగున మేత మిగిలి ఉంది. తల ఎత్తకుండానే గట్టు మీదున్న పెద్దాయనతో ‘బాబాయ్, ఈ వరసలో తినట్లేదు, నీళ్లు చూడాలి’ అన్నాడు. తర్వాతి సంచిలో మిగల్లేదు, దాన్ని నింపాడు. ఆ తర్వాతి దాన్ని సగమే నింపాడు. ఎందుకలా అంటే, రాత్రి మబ్బు పట్టిందని, మబ్బు రోజు చేప తక్కువ తింటుందని చెప్పాడు. ఎక్కువ వేస్తే మిగిలింది కుళ్లి, తెల్లవారుజామున నీళ్లలో గాలి తగ్గి చేపలు తేలతాయట. అతను ఇంటర్ మధ్యలో మానేశాడు. ఈ విద్యకు సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు లేరు. ఇస్తే అతను ఏ బ్యాంకు మేనేజరు ముందైనా ధీమాగా కూర్చోగలడు.

గట్టు మీద గుడిసెలు వేసుకుని చెరువు కాపలా కాసే కుటుంబాలు ఇంకా కష్టంలో ఉన్నాయి. వాళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు. బడి ఊళ్లో, గుడిసె గట్టు మీద. ఆ గట్టు మీద పెరిగే పిల్లలకు బడి ఎంత దూరమో వానాకాలంలో ఒక్కసారి నడిచి చూస్తే తెలుస్తుంది.

★

చేపల దిగుబడిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. అందులో పెద్ద భాగం ఈ కొల్లేటి చుట్టుపక్కలదే. బొచ్చె, శీలావతి పట్టుబడి అయ్యాక ఐసు కొట్టి, ట్రేలలో పొర చేపలు, పొర ఐసు వేసి లారీకి ఎత్తుతారు. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఆ లారీలు హౌరాకు, అస్సాంకు పోతాయి. బెంగాలీవాళ్ల పెళ్లి భోజనంలో మన కొల్లేటి చేప ఉంటుంది. దాన్ని పట్టినవాడికి రోజు కూలి దక్కుతుంది. ధర ఎంత పలికిందో లారీ వెళ్లిపోయాక ఎప్పటికో తెలుస్తుంది.

★

రొయ్యల లోకంలో మనిషి కూలిని ‘కౌంటు’ నడిపిస్తుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. ముప్పై కౌంటంటే పెద్ద రొయ్య, మంచి రేటు. వంద కౌంటంటే చిన్నది. 2009లో వనామీ రకానికి కేంద్రం అనుమతి ఇచ్చాక భీమవరం చుట్టూ రొయ్యల షెడ్లు పెరిగాయి. వాటిలో తల తీసి, పొట్టు వలిచి, కౌంటు ప్రకారం వేరు చేసే పని ఎక్కువగా అమ్మాయిలది. చేతికి తొడుగు, కాళ్లకు బూట్లు, ఎదుట చల్లని బల్ల. సొంత ఊళ్లో నెల జీతం తెచ్చుకునే అవకాశం ఇది వచ్చాకే చాలామంది ఆడపిల్లలకు కలిగింది, ఆ మాట ఒప్పుకోవాలి.

2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే భీమవరం షెడ్డులో ఒక షిఫ్టు ఆగుతుందని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

★

సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ కాలానికి సముద్ర మత్స్యకారుల కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో పది వేల నుంచి 20 వేల రూపాయలకు పెరిగింది. సంతోషం. అయితే ఆ భృతి సముద్రంలో వేటాడేవాళ్లకే. కొల్లేట్లో వేట సాగని నెలలకు అలాంటిది లేదు.

★

ఏలూరు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య పంచుకుపోయి ఉండేది. కైకలూరు, మండవల్లి వాళ్లు కలెక్టరు గారికి అర్జీ ఇవ్వాలంటే మచిలీపట్నం పోవాల్సి వచ్చేది. ఇప్పుడు సరస్సులో ఎక్కువ భాగం ఏలూరు కిందే ఉంది, ఆకివీడు మాత్రం పశ్చిమ గోదావరిలో ఉంది. అర్జీ పట్టుకుని తిరిగే కుర్రాడికి కలెక్టరాఫీసు దగ్గర కావడం ఒక మేలు.

★

పెద్ద చదువుల సంగతికొద్దాం. ఇక్కడ కొన్ని తలుపులు నిజంగానే తెరుచుకున్నాయి, వాటి గురించి లంక గ్రామాల తల్లిదండ్రులందరికీ తెలియాలి.

నూజివీడు ట్రిపుల్ ఐటీ ఇప్పుడు ఏలూరు జిల్లాలోనే ఉంది. 2008లో మొదలైంది. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి మార్కులే ఆధారం. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు ఆ మార్కులకు అదనంగా నాలుగు శాతం కలుపుతారు. ఒకసారి సీటొస్తే ఆరేళ్లు, ఇంటర్ చదువూ ఇంజినీరింగూ కలిపి అక్కడే. జిల్లా పరిషత్ బడిలో చదివే లంక పిల్లకు ఆ నాలుగు శాతం ఎంత పెద్దదో ర్యాంకుల జాబితా చూసినవాళ్లకు తెలుసు.

పెదవేగిలో నవోదయ ఉంది. ఆరో తరగతిలో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే. అయిదో తరగతి చదివే పిల్లల తల్లిదండ్రులకు దరఖాస్తు తేదీ చెప్పే మనిషి ఊరికొకరు ఉంటే చాలు.

ఏలూరు సర్ సీఆర్ రెడ్డి కళాశాల 1945 నాటిది. ఆడపిల్లల కోసం సెయింట్ థెరిసా కళాశాల 1953లో వచ్చింది. పల్లెల నుంచి బస్సు పాస్‌తో వచ్చి చదివి మొదటి డిగ్రీ ఇంటికి తీసుకెళ్లిన తరాలు ఈ రెండింటివీ. ఏలూరు ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది.

★

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల మైదానం దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉండేది. రాష్ట్ర విభజన చట్టంలో ఇస్తామన్న సంస్థల్లో ఒకటైన ఎన్‌ఐటీ 2015లో ఆ ఊరికి వచ్చింది. మొదట్లో పెదతాడేపల్లి వాసవి ఇంజినీరింగ్ కళాశాలలో తరగతులు నడిపారు, తర్వాత ఆ మైదానంలో సొంత భవనాలు లేచాయి. సగం సీట్లు రాష్ట్ర విద్యార్థులవి. దగ్గర్లోనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007 నుంచి ఉంది.

తాడేపల్లిగూడెంలోనే మరో పెద్ద సంస్థ ఉల్లిపాయల మార్కెట్. కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి ఇక్కడికి వచ్చి, ఇక్కడి నుంచి మళ్లీ పోతుంది. బస్తా వీపు మీద వేసుకుని లారీ నుంచి దుకాణానికి మోసే ముఠా కార్మికుల్లో ఇరవై ఏళ్లవాళ్లు ఉంటారు. ఒకే ఊళ్లో, ఒకే ఈడు పిల్లలు, ఒకరు రోబో తయారుచేస్తుంటే ఒకరు బస్తా మోస్తున్నారు. ఇద్దరి మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లే కావచ్చు, కాని పదో తరగతి దగ్గర విడిపోయిన దారులు మళ్లీ కలవడం లేదు. ఆ వయసు పిల్లాడు బడి మానేసినప్పుడు ఎవరూ వెళ్లి అడగకపోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

★

చేపల సీమలో చేపల చదువుకు విశ్వవిద్యాలయం కోసం చట్టం వచ్చింది 2020లో. చోటు నరసాపురం. చెరువుల సాగు మొదలై నాలుగు దశాబ్దాలు దాటాక అన్నమాట.

★

మెగా డీఎస్సీ 2025లో టీచరు పోస్టులు 16,347. రాసినవాళ్లు మూడు లక్షలకు పైగా. ఈ పరీక్షకు శిక్షణ అనగానే కృష్ణా జిల్లా అవనిగడ్డ గుర్తొస్తుంది. ఊరు చిన్నది, అద్దె గదులు ఎక్కువ. మన కైకలూరు, ఏలూరు వైపు నుంచి డీఎడ్, బీఎడ్ చేసినవాళ్లు అక్కడ గది తీసుకుని నెలల తరబడి ఉంటారు. ఇంట్లో అప్పు చేసి పంపిస్తారు. ముప్పై ఏళ్లు దాటిన అబ్బాయిలు ‘ఈ ఒక్క డీఎస్సీ చూసి పెళ్లి చేసుకుంటా’ అనడం ఇక్కడ ప్రతి ఊళ్లో వినే మాట.

2019 ఆగస్టు 15న గ్రామ వాలంటీర్ల వ్యవస్థ మొదలైనప్పుడు 18 నుంచి 35 ఏళ్ల వాళ్లను తీసుకున్నారు. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు అయిదు వేలు. రాష్ట్రమంతటా రెండున్నర లక్షల మందికి పైగా కుర్రకారు దాన్ని ఉద్యోగమనే అనుకున్నారు. 2024 తర్వాత అది ఆగిపోయింది. రాజకీయాల మాట ఎలా ఉన్నా, ఇరవై రెండేళ్లకు చేరి ఇరవై ఏడేళ్లకు బయటికి వచ్చినవాళ్ల చేతిలో ఏ నైపుణ్యమూ లేకుండా పోయింది. అయిదేళ్ల యవ్వనం చిన్న విషయం కాదు.

★

ఏలూరు తంగెళ్లమూడి తివాచీలకు పేరు. పారశీక దేశం నుంచి వచ్చిన నేతగాళ్లు ఈ పని తెచ్చారని చెబుతారు. బ్రిటిష్ కాలంలోనే ఇక్కడి ఉన్ని తివాచీలు సముద్రం దాటి వెళ్లాయి. ముడి మీద ముడి వేసుకుంటూ నెలల తరబడి నేయాలి. ఆ కుటుంబాల పిల్లలు ఇప్పుడు మగ్గం ఎక్కడం లేదు. సెల్‌ఫోన్ దుకాణంలో నిలబడితే అంతకన్నా ఎక్కువ వస్తుందని వాళ్లు చెబుతుంటే కాదనడానికి నా దగ్గర జవాబు లేదు.

★

డెల్టాలో కౌలు చేసే కుర్రాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలుదారుకు కార్డు ఇస్తారు. పదకొండు నెలలకు. దానికి భూ యజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. సంతకం లేకపోతే కౌలుదారుకు బ్యాంకు అప్పు లేదు, పంట మునిగితే పరిహారం లేదు. కొల్లేటి చెరువులోనూ డెల్టా చేలోనూ కుర్రాడి సమస్య ఒకటే. చెమట అతనిది, కాగితం ఇంకొకరిది.

★

ఇది చాలామందికి తెలియని సంగతి. పదో తరగతి తప్పినవాడి పాస్‌పోర్టూ పాసైనవాడి పాస్‌పోర్టూ ఒకటి కాదు. పది పాస్ కాకపోతే ‘ఈసీఆర్’ పాస్‌పోర్టు ఇస్తారు. దానితో కువైట్, ఒమన్, సౌదీ లాంటి పద్దెనిమిది దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. పది పాసైతే ఆ అనుమతి అక్కర్లేదు. ఆ దేశాలకు ఇంటిపనికి వెళ్లే ఈసీఆర్ మహిళకు కనీసం ముప్పై ఏళ్లు ఉండాలని నియమం. మోసం జరగకుండా కాపాడేందుకు పెట్టిన నియమాలివి. కాని గోదావరి జిల్లాల్లో ఏజెంట్లు విజిటింగ్ వీసా మీద దొడ్డిదారిన పంపడం, అక్కడ చిక్కుకున్న ఆడవాళ్లు ఫోన్‌లో వీడియో తీసి పంపడం మనం ఎన్నిసార్లు చూడలేదు! పదో తరగతి సర్టిఫికెట్ విలువ ఊళ్లో ఉన్నప్పుడు తెలియదు, విమానాశ్రయంలో తెలుస్తుంది.

★

బయటి దేశాల మాట వచ్చింది కాబట్టి పాలస్తీనా సంగతి ఒకటి. గాజా మొత్తం విస్తీర్ణం 365 చదరపు కిలోమీటర్లు, మన కొల్లేరు అభయారణ్యం కన్నా కాస్త పెద్దది. అందులో ఇరవై లక్షల మందికి పైగా జనం. 2023లో యుద్ధం మొదలయ్యేనాటికి దాదాపు సగం మంది పద్దెనిమిదేళ్ల లోపువాళ్లే. పాలస్తీనీయుల్లో చదవడం, రాయడం రాని మనిషి దొరకడం కష్టం, అక్షరాస్యత 97 శాతం పైమాటే. అయినా యుద్ధానికి ముందే గాజాలో నిరుద్యోగం 45 శాతం దాకా ఉంది, కుర్రవాళ్లలో ఇంకా ఎక్కువ. డిగ్రీ పట్టా చేతిలో ఉంటుంది, సరిహద్దు మూసి ఉంటుంది.

అక్కడా జాలర్లున్నారు. ఓస్లో ఒప్పందం ప్రకారం వాళ్లు సముద్రంలో ఇరవై నాటికల్ మైళ్ల దాకా వేటాడొచ్చు. ఇజ్రాయెల్ అనుమతించింది మాత్రం ఒకప్పుడు మూడు మైళ్లు, ఒకప్పుడు ఆరు, ఎంత ఎక్కువైనా పదిహేను. గీత దాటితే కాల్పులు. కొల్లేటి గీతను దానితో సమానం చేయడం తప్పు. ఇక్కడిది పక్షుల కోసం చట్టం గీసింది, మనం కోర్టుకు వెళ్లి వాదించుకోవచ్చు. అయినా నీటి మీద గీసిన గీత జాలరి కొడుకు బతుకును ఎలా మార్చేస్తుందో అర్థం చేసుకోవడానికి కొల్లేటివాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు.

ఇంకో ముడి ఉంది. 2023 అక్టోబరు తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పని అనుమతులు నిలిపేసింది. లక్షన్నర మంది దాకా ఒక్కసారిగా పని పోయి ఇంట్లో కూర్చున్నారు. ఆ కట్టడం పనులకు భారతీయులను తీసుకున్నారు. 2024లో తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో ఎంపికలు జరిపితే తాపీ, టైల్స్, ఇనుప పనివాళ్లు వరస కట్టారు. యుద్ధం జరుగుతున్న చోటుకు మన తాపీ మేస్త్రీ ఎందుకు వెళ్తున్నాడు? ఇక్కడ నెలంతా చేస్తే వచ్చేదానికి అక్కడ వచ్చేది కొన్ని రెట్లు కాబట్టి. అతన్ని తప్పు పట్టలేను. అతను ఎక్కిన సారవ నిన్నటిదాకా ఒక పాలస్తీనా కుర్రాడిది. ఆ సంగతి మనకు తెలిసి ఉండాలి.

★

ఆడపిల్లల విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశ సగటు 23.3. అక్షరాస్యతలో 2011లో మన పదమూడు జిల్లాల్లో ముందున్నది ఉమ్మడి పశ్చిమ గోదావరే, 74.63 శాతం. చదువులో ముందున్న సీమ కూడా ఈ 29 శాతాన్ని చూసి తలదించుకోవాలి. ఊళ్లో ఇంటర్ కాలేజీ లేకపోవడం, వలస వెళ్లే తల్లిదండ్రులకు ఎదిగిన పిల్లను ఎవరి దగ్గర వదలాలన్న భయం, రెండూ కలిసి పెళ్లి ముహూర్తాన్ని ముందుకు జరుపుతాయి.

★

బుడమేరు పొంగితే విజయవాడ మునుగుతుందని 2024 సెప్టెంబరులో లోకమంతా చూసింది. ఆ నీళ్లు చివరికి చేరేది కొల్లేటికే. తమ్మిలేరు, రామిలేరు కూడా ఇక్కడికే వస్తాయి. సముద్రంలోకి దారి ఒక్క ఉప్పుటేరే. కెమెరాలు విజయవాడ నుంచి వెళ్లిపోయాక పెనుమాకలంక, నందిగామలంక లాంటి ఊళ్లకు రోడ్డు మునిగి పడవలే దిక్కయ్యాయి. బడులు మూతపడ్డాయి. నగరంలో నీళ్లు దిగాయంటే లంకల్లో ఎక్కాయని అర్థం.

★

ఫాల్గుణ మాసంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. ఊరు విడిచి వెళ్లిన కుర్రాళ్లు ఎక్కడున్నా ఆ పదిహేను రోజుల్లో ఒకసారి వచ్చి వెళ్తారు. అన్నదమ్ముల పిల్లలు ఒకరినొకరు చూసుకునేది, ఎవరికి ఎక్కడ పని దొరికిందో చెప్పుకునేది అక్కడే. నాకు తెలిసి ఈ ప్రాంతానికి అంతకన్నా నమ్మకమైన ఉద్యోగ సమాచార కేంద్రం లేదు.

★

చివరిసారి మన జనాన్ని పూర్తిగా లెక్కపెట్టింది 2011లో. తర్వాతి జనగణన తేదీ 2027 మార్చి 1. 2011లో పదేళ్ల పిల్లవాడు 2027కు ఇరవై ఆరేళ్లవాడు. అతను చదివాడా, వలస వెళ్లాడా, పని ఉందా లేదా అన్నవేవీ పూర్తి లెక్కలో నమోదు కాకుండానే ఒక తరం పెద్దదైపోయింది. ఎన్యూమరేటరు వచ్చినప్పుడు వలసకు సంబంధించిన ప్రశ్నలు అడుగుతారు. లంక గ్రామాల వాళ్లు ఆ ప్రశ్నలకు ఓపికగా, ఉన్నదున్నట్టు జవాబు చెప్పాలి. ఎంతమంది వెళ్లారో తెలిస్తేనే ఇక్కడ ఏం పెట్టాలో తెలుస్తుంది.

★

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పదో తరగతి మధ్యలో ఆపేసిన పిల్లలు మళ్లీ రోజూ బడికి వెళ్లకుండానే పది పూర్తి చేసే వీలుంది. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ‘ఓపెన్ స్కూల్’ అనేది, ఆ పరీక్ష నడుపుతుంది. పద్నాలుగేళ్లు నిండినవాళ్లు ఎవరైనా చేరవచ్చు, పై వయసుకు అడ్డు లేదు. ఆ సర్టిఫికెట్‌తో ఇంటర్‌లో చేరవచ్చు, పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర తప్పించుకోవచ్చు. మీ చెరువు గట్టు మీద మేత వేసే కుర్రాడు, మీ దుకాణంలో బస్తా మోసే అబ్బాయి, రొయ్యల షెడ్డుకు ఆటోలో వెళ్లే అమ్మాయి, వీళ్లలో పది తప్పినవాళ్లు ఎవరున్నారో ఈ వారమే అడగండి. దగ్గర్లోని అధ్యయన కేంద్రానికి తీసుకెళ్లి ఫీజు కట్టండి, పరీక్ష రోజుల్లో సెలవివ్వండి.